ఐబీఎం పీసీ ఎక్స్‌టీ: కొనే ముందు మీటర్ పట్టండి

1983 నాటి ఈ ఆఫీసు కంప్యూటర్ గొప్పంతా 10 ఎంబీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఫ్లాపీలు మార్చే పని తప్పించింది. 8088 ప్రాసెసర్ మాత్రం 1981 పీసీలోలాగే 4.77 మెగాహెర్ట్జ్.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ వైపు పాత సరుకులో కంటపడితే ముందుగా వెనకవైపు లేబుల్ చదవండి. 115 వోల్టులదాన్ని మన 230కి తగిలిస్తే అంతే సంగతులు. స్విచ్ వేయగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిందా? పవర్ సప్లై పోయిందని వదిలేయకండి, చాలాసార్లు మదర్‌బోర్డు మీది టాంటలం కెపాసిటర్ (కరెంటు నిల్వ చేసే చిన్న భాగం) షార్టయి ఉంటుంది. ప్లగ్ పీకి, పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చే పీ8 కనెక్టర్ ఊడదీసి, బోర్డు వైపు 3వ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. దాదాపు సున్నా వస్తే 12 వోల్టుల లైన్లోనే షార్టు. షార్టయిన కెపాసిటర్ తీసి 10 మైక్రోఫారడ్, 25 వోల్టులది వేయండి, ప్లస్ వైపు సరిచూసుకుని.

ఆటోలో ఎక్కించే ముందు డిస్క్ హెడ్లు పార్క్ చేయించండి, అంటే డేటా చదివే హెడ్లను భద్రమైన చోటికి జరిపించండి. ఆ డిస్క్ తనంతట తాను చేసుకోదు.