ఫోను చేసినవాడికి పీట వేసేది ఎవరు?

ఫోను చేయండంటూ నంబరు చదివేదీ రేడియో వ్యాఖ్యాతలే, చేశాక విసుక్కునేదీ వాళ్ళే. శ్రోతలు ఫోను చేసి మాట్లాడే అమెరికా టాక్ రేడియోలో ఇది మామూలే. కానీ అక్కడా అందరూ ఒక్క తీరు కాదు.

రాజకీయాలు మాట్లాడే రష్ లింబా 1988 నుంచి 2021లో చనిపోయేదాకా దేశమంతటా వినిపించారు. ఆయన దాకా కాల్ చేరాలంటే బో స్నర్డ్లీ అనే మారుపేరుతో తెలిసిన సహాయకుడి వడపోత దాటాలి. మూడు గంటల షోలో ఎక్కువ భాగం ఆయన మాటలే. ఫోను చేసినవాడు పక్కన తాళం వేయడానికే. పొగడ్తలతో సమయం పోకుండా అభిమానులు ‘డిట్టోస్’ (నాదీ అదే మాట) అని ఒక్క ముక్కలో సరిపెట్టేవారు. తొలినాళ్ళలో నచ్చని కాల్ తెంచేటప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోత, ఆ వెంటనే ఒక కేక వినిపించేవారు. దానికి పేరు ‘కాలర్ అబార్షన్’. తర్వాత మానేశారు లెండి. నాకైతే అందులో నవ్వు కనబడదు.

ఆర్ట్ బెల్‌ది మరో లోకం. నెవాడా ఎడారిలో, పారంప్ అనే ఊళ్ళోని ఇంటి నుంచే రాత్రి షో. వడపోత లేదు. రాకీ పర్వతాలకు తూర్పున ఉన్నవారికి ఒక నంబరు, పడమటివారికి ఇంకొకటి. మీట నొక్కితే అవతల ఎవరున్నారో ఆయనకూ తెలియదు. 1997 సెప్టెంబరులో, ఏరియా 51 అనే రహస్య సైనిక స్థావరంలో పనిచేశానంటూ ఒకతను ఏడుస్తూ మాట్లాడుతుండగా ప్రసారమే ఆగిపోయింది, ఉపగ్రహ లంకె తెగి. ఎంత వింత చెప్పినా ఓపికగా వినేవారు. కోతలు కోసేవాడికీ అదే పీట, చిక్కల్లా అదే.

నా ఓటు కార్ల మరమ్మతు సలహాల షో ‘కార్ టాక్’ నడిపిన అన్నదమ్ములకు. టామ్, రే మాలియాట్సీ ఇద్దరూ పేరుమోసిన సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీలో చదివి మెకానిక్కులైనవారు. ఇక్కడా వడపోత ఉంది: సందేశం వదిలితే, సిబ్బంది ఎంచి తిరిగి ఫోను చేసేవారు. ఆపైన తరచూ అడిగే ప్రశ్న, కారు ఎలా మోగుతోంది? మన ఊరి షెడ్డులో అడిగేదీ అదే. ఫోను చేసిన పెద్దమనిషి తంటాలు పడి ‘గర్ర్, టకటక’ అని నోటితో చేసి చూపిస్తే పగలబడి నవ్వేవారు. లింబా నవ్వుకీ ఈ నవ్వుకీ తేడా తెలియాలంటే ఆ షోలోని ‘స్టంప్ ద చంప్స్’ అనే అంశం వినాలి. తాము ఒకప్పుడు సలహా ఇచ్చినవాళ్ళనే మళ్ళీ లైన్లోకి తెచ్చి, అది పనిచేసిందో లేదో అడిగేవారు. ‘మీరు చెప్పిన భాగంలో ఏ లోపమూ లేదండీ’ అని అవతలివాడు తేల్చేస్తే, మునుపటికన్నా గట్టిగా నవ్వేవారు.