మూడేళ్ల లింక్డ్ కుట్టు: పచ్చిమిర్చి జారని సంచి

కూకట్‌పల్లి రైతుబజారు నుంచి బయటికొస్తుంటే వెనకాల ఒకావిడ "మేడమ్, మిరపకాయలు పడిపోతున్నాయ్" అని కేకేసింది. తిరిగి చూస్తే నేను నడిచొచ్చిన దారంతా అక్కడొకటీ ఇక్కడొకటీ పచ్చిమిర్చి. సంచి నేను నెల్లాళ్లు కూర్చుని అల్లుకున్నదే. క్రోషేలో (కొక్కెం ఉన్న హుక్‌తో దారం అల్లే పని) మామూలు డబుల్ కుట్టు. ఖాళీగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉండేది. రెండు కేజీల బీరకాయలు, ఒక సొరకాయ పడేసరికి నిలువు కుట్ల మధ్య సందులన్నీ నోళ్లు తెరిచాయి.

పక్కపక్క కుట్లని ఒకదానికొకటి అతికించే లింక్డ్ కుట్టు నేర్చుకున్నది ఆ మిరపకాయల మీద కోపంతోనే. ఈ మూడేళ్లలో దాంతో నాలుగు సంచులు, ఏడెనిమిది వాటర్ బాటిల్ కవర్లు, ఒక పసిపిల్ల దుప్పటి (ఊడదీసి రెండోసారి అల్లింది), ఎవరూ కప్పుకోని ఒక శాలువా అల్లాను. వాటన్నిటి అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఇదేంటో చెప్తాను. మామూలు డబుల్ వేసేటప్పుడు హుక్ మీద దారం ఒక చుట్టు చుట్టుకుని, తర్వాత కింది వరస కుట్టులో గుచ్చుతాం కదా. లింక్డ్‌లో ఆ చుట్టు ఉండదు. దాని బదులు, ఇప్పుడే వేసిన పక్క కుట్టు నడుం దగ్గర ఒక అడ్డపోగు కనిపిస్తుంది. హుక్‌ని పైనుంచి కిందికి దాని కిందుగా దూర్చి ఒక లూప్ లాగాలి. ఆ తర్వాత కింది వరసలో గుచ్చి ఇంకో లూప్ లాగాలి. హుక్ మీద మూడు లూపులుంటాయి. ఇక మామూలే, రెండేసి చొప్పున రెండుసార్లు లాగేయడం. అంతే, కొత్త కుట్టు పక్కదానికి అతుక్కుపోతుంది. రెంటి మధ్య సందు ఉండదు.

ట్రెబుల్ (డబుల్ కంటే పొడుగు కుట్టు, మామూలుగా రెండు చుట్లది) అయితే నడుం మీద ఒకటి కాదు, రెండు అడ్డపోగులు, నిచ్చెన మెట్లలాగా ఒకదాని కింద ఒకటి. పై మెట్టులో ఒక లూప్, కింది మెట్టులో ఒక లూప్, తర్వాత కింది వరసలో. మామూలు కుట్టులో ఎన్ని చుట్లుంటాయో లింక్డ్‌లో అన్ని మెట్లు. ఈ లెక్క పట్టుబడితే ఎంత పొడుగు కుట్టునైనా లింక్ చేయొచ్చు. డబుల్ కంటే పొట్టిదైన సింగిల్ క్రోషేకి చుట్టే లేదు కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

చదివితే రెండు నిమిషాల పని అనిపిస్తుంది. నాకు రెండు వారాలు పట్టింది. తప్పు నాదే, మొదటిసారే నల్ల దారంతో కూర్చున్నాను. నల్లదాంట్లో అడ్డపోగు ఎక్కడుందో దేవుడికి కూడా కనపడదు. మర్నాడు నిమ్మపండు రంగు కాటన్ తీశాను. ఇప్పుడే వేసిన కుట్టుని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కొంచెం నా వైపు వంచితే సరిగ్గా మధ్యలో చిన్న పోగు, కాస్త వాలుగా, పైకి తేలింది. అది చూశాక చెయ్యి తిరిగింది. ఇంకో సంగతి. ఆ పోగులోంచి లాగే లూప్ వదులుగా ఉండాలి. బిగించి లాగితే కుట్టు పక్కదాని మీద వాలిపోతుంది, బట్ట బిర్రుగా తయారవుతుంది, మణికట్టు నొప్పి. నేను మామూలుగా 3.5 మి.మీ. హుక్ వాడే 8-ప్లై (దారం మందానికి గుర్తు) కాటన్‌కి దీనికి మాత్రం 4 మి.మీ. తీసుకుంటాను.

అంచులు. అసలు తలనొప్పంతా అంచులతోనే. వరస మొదట్లో లింక్ చేయడానికి పక్కన కుట్టు ఉండదు. డబుల్‌కి మూడు చెయిన్లు (గొలుసు కుట్లు) వేసి, హుక్ నుంచి రెండో చెయిన్‌లో గుచ్చి లూప్ లాగి, అదే అడ్డపోగు అనుకోవాలి. ఈ పద్ధతిలో ఆ మూడు చెయిన్లూ కలిపి ఒక కుట్టు కింద లెక్క. అందుకని కింది వరసలో మొదటి కుట్టు వదిలేసి రెండోదాంట్లో గుచ్చాలి. మొదట్లో వదిలినదాని బాకీ వరస చివర తీర్చాలి, అంటే పాత చెయిన్ల తల మీద ఒక కుట్టు వేయాలి. నేను వదలడం గుర్తుపెట్టుకున్నాను, తీర్చడం మర్చిపోయాను. 60 కుట్లతో మొదలెట్టిన సంచి పన్నెండు వరసలయ్యేసరికి 48కి దిగింది. పరిచి చూస్తే పైకి వెళ్లేకొద్దీ సన్నబడిపోయి, పూలకుండీని బోర్లించినట్టుంది. టీవీ చూస్తూ అల్లితే అంతే మరి. ఇప్పుడు ప్రతి వరస చివరా లెక్క పెట్టుకుంటాను, మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ రంగు దారం ముక్క కట్టుకుంటాను. కొందరు ఆ చెయిన్లని కుట్టుగా లెక్కపెట్టరు, మొదటి కుట్టులోనే గుచ్చుతారు. రెండూ సరైనవే. ఒక సంచిలో రెండూ కలపకండి, అంతే.

పేర్ల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా వాళ్లు డబుల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్లు ట్రెబుల్ అంటారు. మన దగ్గర దొరికే ప్యాటర్న్‌లలో రెండూ కనిపిస్తాయి. నేను ఇక్కడ రాసిందంతా అమెరికా పేర్లతో. ప్యాటర్న్‌లో సింగిల్ అన్న మాట కనిపిస్తే అది అమెరికా లెక్క అని తెలుసుకోండి, బ్రిటన్ లెక్కలో సింగిల్ క్రోషే అనరు.

ఇక వాడకం. మొదటి లింక్డ్ సంచికి మూడేళ్లు నిండుతున్నాయి. వారానికి రెండుసార్లు బజారుకెళ్తుంది, నెలకోసారి వాషింగ్ మెషీన్‌లో పడుతుంది. రంగు వెలిసింది, ఆకారం చెడలేదు. పాత సంచి బరువుకి మోకాలి దాకా సాగేది. ఇది నాలుగు వేళ్లు సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. పచ్చిమిర్చి కాదు కదా, చింతపండు గింజ కూడా జారలేదు. లోపల గుడ్డ లైనింగ్ వేయాల్సిన పని తప్పింది. కుట్టుమిషన్ లేని నాలాంటివాళ్లకి అదే పెద్ద లాభం. లోటేమిటంటే, దట్టంగా ఉండటం వల్ల ఆరడానికి మామూలు అల్లికకంటే ఎక్కువసేపు పడుతుంది. వానాకాలంలో ఉతికితే రెండో రోజుకి కూడా అడుగున చెమ్మ ఉంటుంది.

సంచి పట్టీకి మాత్రం కళ్లు మూసుకుని ఇదే వాడండి. పొడుగ్గా చెయిన్ వేసి, దాని మీద ఒక్క వరస లింక్డ్ ట్రెబుల్, చుట్టూ సింగిల్ అంచు. భుజం మీద తాడులా ముడుచుకోదు, పరుచుకుని ఉంటుంది.

బాటిల్ కవర్లు గుండ్రంగా అల్లాలి కాబట్టి అక్కడో చిక్కు ఉంది. చుట్టు పూర్తయ్యాక మొదటి కుట్టూ చివరి కుట్టూ పక్కపక్కనే నిలబడతాయి గానీ వాటి మధ్య లింక్ ఉండదు. ప్రతి చుట్టులోనూ ఒకేచోట చిన్న చీలిక. దాన్ని మాయం చేయడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి తేలిందేమిటంటే, సూదితో నాలుగు కుట్లు వేసి, ఆ వైపే పట్టీ తగిలిస్తే ఎవరికీ కనపడదు.

దుప్పటి మా వదిన మనవరాలి కోసం. పసివాళ్ల వేళ్లు చిల్లుల్లో ఇరుక్కుంటాయేమోనన్న భయంతో లింక్డ్ డబుల్ ఎంచుకున్నాను. ఆలోచన మంచిదే, హుక్ తప్పు. సంచికి వాడిన దారం, సంచికి వాడిన హుక్. ఇచ్చాక వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగుంది గానీ, కప్పాలా, పరవాలా?" అంది. పట్టుకొచ్చి ఊడదీశాను (ఊడదీయడం మాత్రం హాయి, ఎక్కడా చిక్కుపడలేదు). ఆ దారం మళ్లీ సంచికే వాడుకున్నాను. రెండోసారి దుప్పటికి మెత్తటి, సన్నటి కాటన్ తెచ్చి 5 మి.మీ. హుక్‌తో వదులుగా అల్లాను. ఈసారి దుప్పటి పాప ఒంటి మీద మెత్తగా వాలింది. శాలువాకి ఆ పాటి మోక్షం కూడా లేదు. ఎంత వదులుగా అల్లినా భుజం మీద అట్టముక్క వేసుకున్నట్టే ఉంది. ఒంటి మీద జారాల్సినవాటికి ఈ కుట్టు వద్దు.

పని నిదానం అన్న సంగతి కూడా దాచను. మామూలు డబుల్‌లో హుక్ ఒకసారి గుచ్చితే చాలు, ఇందులో రెండుసార్లు గుచ్చాలి. నాకు మామూలుగా నాలుగు వరసలు పట్టే టైములో మూడు కావడం కష్టం. చాలామంది దీన్ని ట్యునీషియన్ క్రోషేతో (వరసలోని లూపులన్నీ హుక్ మీదే ఉంచుకుని, తర్వాత తిరిగొస్తూ లాగే అల్లిక) పోలుస్తారు. నిజమే, ఒక్కో పొడుగు కుట్టూ చిన్న ట్యునీషియన్ వరసని నిలబెట్టినట్టే ఉంటుంది. కానీ దానికి పొడుగాటి హుక్ కావాలి, దీనికి చేతిలో ఉన్నది చాలు.

మా అమ్మది నరసాపురం పక్క పల్లె. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకి వచ్చిన క్రోషే లేసు పని, 2024లో నరసాపురం లేసుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చేదాకా, చాలామందికి అరుగు మీది పనిగానే తెలుసు. ఏజెంట్లు దారం ఇచ్చి, అల్లింది తీసుకుని కూలి ఇచ్చేవారు. పెళ్లికి ముందు నుంచీ సన్నటి సూదితో పువ్వులు, గళ్లు అల్లిన మనిషి మా అమ్మ. ఆవిడకి నా సంచి చూపించి, కుట్టు ఎలా పడుతుందో చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండు కుట్లు చూసి, "పక్కదాని నడుం పట్టుకోవడమా! రైలాటలో పిల్లల్లా ఉన్నాయే" అంది. హుక్ తీసుకుని ఒక వరస అవలీలగా వేసేసింది. నాకు రెండు వారాలు పట్టినదాన్ని. తర్వాత బట్టని వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచింది.

"ఒక్క చిల్లు లేదు. మాకు చిల్లులకే కదే కూలి ఇచ్చింది" అంది.

ఆవిడ మాట ఆవిడది. టేబుల్ క్లాత్‌కి, జాకెట్టు అంచుకి నేనైనా లింక్డ్ జోలికి వెళ్లను. అక్కడ గాలి ఆడాలి, వెలుతురు కనపడాలి. ఊరెళ్లేటప్పుడు మాత్రం బస్సులో తన లేసు సూదులు పెట్టుకోవడానికి ఏదైనా ఉందా అని అడిగింది. అంత సన్నటి సూదులు మామూలు అల్లిక సంచిలో వేస్తే సందుల్లోంచి పొడుచుకొస్తాయట. ఆ రాత్రే సన్న దారంతో, 2.5 మి.మీ. హుక్‌తో, లింక్డ్ ట్రెబుల్‌లో జానెడు పౌచ్ మొదలెట్టాను. తెల్లారి బస్సు టైముకి మూత ఒక్కటే మిగిలింది. మూత లేకుండానే పట్టుకెళ్లింది.