ఫ్రెట్లు లేని బేస్ గిటార్‌కు జిట్రేగి పలకా, ఎబొనీ పలకా?

హనుమకొండలో తక్కువ ఖర్చుతో ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా బిగించే లోహపు పట్టీలు) లేని బేస్ గిటార్ చేయించుకునేవారు ముందుగా ఆలోచించవలసింది ఫింగర్‌బోర్డు, అంటే వేళ్లతో తీగలు నొక్కే పలక, గురించే, ఎందుకంటే ఫ్రెట్లు లేనప్పుడు తీగ నేరుగా చెక్క మీదే రాసుకుంటుంది. ఎబొనీ అనే నల్లటి చెక్క గట్టిది, నునుపైనది. రౌండ్‌వౌండ్ తీగల (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన గరుకు తీగల) రాపిడిని చాలాకాలం తట్టుకుంటుంది, స్వరాన్ని స్పష్టంగా పలికిస్తుంది, కానీ ధర ఎక్కువ.

జిట్రేగి (రోజ్‌వుడ్) దానికంటే చౌక, నాదం కాస్త మెత్తన. అయితే రౌండ్‌వౌండ్ తీగలు వేసిన కొన్ని నెలలకే, వేలు ఎక్కువగా ఊపే చోట సన్నటి గాట్లు పడటం నా వాయిద్యం మీదే చూశాను, వేలికొనకు అవి గరుకుగా తగిలేవి. అందుకే జిట్రేగి పలకకు ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన చదునైన పట్టీ చుట్టిన నునుపు తీగలు) జోడించి, మిగిలిన సొమ్మును మంచి పికప్‌కు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి) వెచ్చించడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.