మొండి బాకీల లెక్కకు టాలీ ప్రైమ్ ఎంతవరకు పనికొస్తుంది?

అరువు మీద సరుకిచ్చే హోల్‌సేల్ దుకాణంలో మార్చి నెలాఖరుకు రెండు సంగతులు తేల్చాలి: ఏ బాకీ ఇక రాదు, ఏది రావడం అనుమానం. మొదటి పనికి టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. రెండోదానికి ఆధారం చూపిస్తుంది గానీ లెక్క మనమే కట్టుకోవాలి.

దీని బలమంతా బిల్లు వారీ పద్దులో ఉంది. ఖాతాదారు లెడ్జర్‌లో (అతని పేరున ఉండే ఖాతాలో) ‘మెయింటెయిన్ బ్యాలెన్సెస్ బిల్ బై బిల్’కు ‘ఎస్’ పెట్టి, గడువు రోజులు నింపాలి. అమ్మకం ‘న్యూ రెఫ్’ (కొత్త బిల్లు)గా, వసూలు ‘అగైన్‌స్ట్ రెఫ్’ (ఫలానా పాత బిల్లుకు జమ)గా పడాలి. తొందరలో వసూలును ‘ఆన్ అకౌంట్’లో కొట్టేస్తే మొత్తం నిల్వ సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఎప్పుడో తీరిన బిల్లు 400 రోజుల బాకీగా రిపోర్టులో అలాగే ఉండిపోతుంది, ఆ జమ ఏ బిల్లుకీ అంటకుండా విడిగా పడి ఉంటుంది. చాలా దుకాణాల్లో వయసు వారీ రిపోర్టు, అంటే ఏ బాకీ ఎన్ని రోజులదో చూపే పట్టిక, చెడేది ఇక్కడే. పాత బాకీలను ఒకే మొత్తంగా ఎక్కించినా అదే గతి, ఓపెనింగ్ బ్యాలెన్స్‌ను బిల్లు తేదీలతో విడగొట్టాల్సిందే.

రాని బాకీని కొట్టేయడానికి ఎఫ్7 జర్నల్ (డబ్బు చేతులు మారని పద్దు) చాలు. ‘మొండి బాకీలు’ లెడ్జర్‌ను ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద తెరవండి. లక్ష రూపాయల సరుకు, 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 1,18,000 అయితే, మొండి బాకీలకు 1,18,000 డెబిట్, ఖాతాదారుకు అంతే క్రెడిట్. క్రెడిట్ దగ్గర ఆ పాత బిల్లునే ఎంచుకోవాలి. కట్టేసిన 18,000 జీఎస్టీ మాత్రం తిరిగి రాదు. డబ్బు రాలేదన్న కారణంతో క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేసి పన్ను తగ్గించుకోవడం చెల్లదు. అది సరుకు వాపసు, లోపం, బిల్లులో ఎక్కువ పడ్డ ధర లేదా పన్ను లాంటి వాటికే. ఆదాయపు పన్నులో కొంత ఊరట ఉంది: ఆ అమ్మకం ముందే ఆదాయంలో చేరి ఉంటే, పుస్తకాల్లో రద్దు చేస్తే చాలని, బాకీ రాదని రుజువు చేయనక్కర్లేదని టీఆర్‌ఎఫ్ అనే కంపెనీ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అనుమానపు బాకీలు. ‘బిల్స్ రిసీవబుల్’ తెరిచి, వయసు వారీగా గడులు మనమే పెట్టుకోవచ్చు. బిల్లు తేదీ నుంచి కాక గడువు తేదీ నుంచి లెక్కించడం మేలు. 90 రోజుల అరువిచ్చిన బిల్లుకు 100వ రోజున గడువు దాటింది పది రోజులే కదా! ఆ పట్టికను ఎక్సెల్‌కు పంపి శాతాలు వేయాలి. ఉదాహరణకు 6 నెలల నుంచి ఏడాది వరకు ఉన్న 2,00,000 మీద 10 శాతం, ఏడాది నుంచి రెండేళ్ల 1,20,000 మీద 25 శాతం, ఆపైన 40,000 మీద 50 శాతం: 20,000, 30,000, 20,000 కలిపి 70,000. ఈ శాతాలు దుకాణం గత వసూళ్లను బట్టి రావాలి, పక్కవాళ్లవి అరువు తెచ్చుకోకూడదు.

ఇలా రాకపోవచ్చని ముందే పక్కన పెట్టేదే కేటాయింపు (ప్రొవిజన్). ఈ 70,000 కేటాయింపు లెడ్జర్‌ను టాలీలోని ‘ప్రొవిజన్స్’ గ్రూపులో పెడితే అప్పుల వైపు చేరి, రావలసిన బాకీలు నిండుగా కనిపిస్తాయి. కరెంట్ అసెట్స్ కింద వేరే గ్రూపు తెరిచి అందులో పెట్టండి, ఆస్తుల వైపే మైనస్‌గా తగ్గుతుంది. మరుసటి ఏడాది మళ్లీ పూర్తి మొత్తం వేయడం తరచూ జరిగే తప్పు. 70,000లో 15,000 బాకీల రద్దుకు వాడితే మిగిలేది 55,000, కొత్త అవసరం 80,000 అయితే వేయాల్సింది 25,000 మాత్రమే. పన్ను లెక్కలో ఈ కేటాయింపు ఖర్చు కిందికి రాదు, ఆదాయానికి తిరిగి కలపాలి. అసలు రద్దు జరిగిన ఏడాదే ఖర్చుగా చెల్లుతుంది.

కొట్టేసిన బాకీ ఎప్పుడో వసూలైతే ఎఫ్6 రసీదులో ఖాతాదారు పేరు ఎంచుకోకండి, అది అతని అడ్వాన్సుగా మిగిలిపోతుంది. ఇన్‌డైరెక్ట్ ఇన్‌కమ్స్ కింద ‘వసూలైన మొండి బాకీలు’ తెరిచి అందులో జమ వేయండి.