'ది అమెరికన్ క్రైసిస్': పుస్తకానికి ఐదు స్టార్లు, ఈ ప్రింటుకి రెండే

అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన రచయిత టామస్ పెయిన్ కరపత్రాల పేపర్‌బ్యాక్ ద్వారకానగర్‌లో ఒక పుస్తకాల షాపులో, పోటీ పరీక్షల గైడ్ల మధ్య దొరికింది. బ్రిటన్ మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా 1776 నుంచి 1783 దాకా ఆయన రాసి వదిలినవన్నీ ఇందులో వరుసగా ఉన్నాయి.

మొదటి కరపత్రం ఒక్కటి చదివినా పెట్టిన డబ్బులకి న్యాయం జరిగినట్టే. 1776 డిసెంబరు అంటే జనరల్ జార్జ్ వాషింగ్టన్ నడిపిన అమెరికన్ సైన్యం న్యూయార్క్ పోగొట్టుకుని న్యూజెర్సీ మీదుగా వెనక్కి నడుస్తున్న రోజులు. చాలామంది సైనికుల గడువు ఏడాది చివరికి తీరిపోతుంది, వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోతే ఇక యుద్ధమే లేదు. జనరల్ గ్రీన్ దగ్గర పనిచేస్తూ పెయిన్ కూడా ఆ సైన్యంతోనే నడిచాడు, అందుకే న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ కోటని ఎందుకు వదిలేసి రావాల్సి వచ్చిందో ఏమీ దాచకుండా రాశాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. చలిలో నడిచి వచ్చినవాడికి అసలు సంగతి తెలుసు, వాడి దగ్గరికెళ్లి మనమే గెలుస్తున్నాం అంటే నమ్ముతాడా? ఈయన ముందు జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ తర్వాతే ధైర్యం చెబుతాడు.

అందులోనే ఆంబోయ్ ఊళ్లో ఒక సత్రం యజమాని సంగతి వస్తుంది. ఆయన చిన్న బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడి, నా కాలానికి గొడవ లేకుండా ఉంటే చాలు అంటాడు. పెయిన్‌కి ఒళ్లు మండిపోతుంది. కష్టమేదో రాక తప్పదంటే నా కాలంలోనే రానీ, నా బిడ్డయినా ప్రశాంతంగా బతుకుతాడు అనాలి కదా తండ్రి అన్నవాడు, అని రాస్తాడు. పిల్లలున్నవాళ్లు ఆ పేరా దగ్గర ఆగకుండా ముందుకెళ్లలేరు.

ఈ మొదటి కరపత్రం డిసెంబరు 19న పత్రికలో వచ్చింది. పెయిన్ డబ్బు తీసుకోకుండా ప్రింటరుకిచ్చి చౌకగా అమ్మించాడు. వాషింగ్టన్ దీన్ని సైనికులకు చదివి వినిపించాడని చెబుతారు. 25 రాత్రి వాళ్లు డెలావేర్ నది దాటి, మర్నాడు పొద్దున ట్రెంటన్‌లో గెలిచారు. మన దగ్గర జనానికి ధైర్యం చెప్పే ఈ పని పాట చేసింది, మన ఉత్తరాంధ్రలోనే పుట్టిన స్వాతంత్ర్యోద్యమ కవి గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాట రాసి పాడినందుకు జైలుకెళ్లాడు. నాలుగు కాగితాలకి ప్రభుత్వం ఎందుకు భయపడుతుందో ఈ పుస్తకం చదివితే బాగా అర్థమవుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. అమెరికాలోనే ఉంటూ బ్రిటన్ రాజు పక్షం వహించిన వాళ్లందర్నీ పిరికివాళ్లని ఒకే గాటన కట్టేస్తాడు. తమకు బానిసత్వం వస్తుందని అంత ఆవేశంగా హెచ్చరించే మొదటి కరపత్రంలో, అదే దేశంలో పొలాల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్ల ఊసే లేదు, నాకది మింగుడుపడలేదు. బ్రిటిష్ సేనలను నడిపిన హౌ సోదరులకు రాసిన ఉత్తరాలు సాగదీతే. పన్నుల లెక్కలున్న 1780 నాటి కరపత్రం మాత్రం వదలొద్దు, యుద్ధానికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో జనానికి కూర్చోబెట్టి చెప్పినట్టుంటుంది.

ఇక ప్రింటు సంగతి. అక్షరాలు మరీ చిన్నవి, మ్యాప్ లేదు, ఎవరు ఎవరో చెప్పే ఫుట్‌నోట్లు ఒక్కటీ లేవు, విషయసూచికలో తేదీలు కూడా వేయలేదు. గ్రూప్ వన్‌కో సివిల్స్‌కో చదివేవాళ్లు నోట్స్ ఉన్న ఎడిషన్ వెతుక్కోండి. ఇదే కొంటానంటే మొదటిది, 1777లో బ్రాండీవైన్ దగ్గర వాషింగ్టన్ సైన్యం ఓడిన మర్నాడే రాసిన చిన్న నాలుగోది, 1783 ఏప్రిల్‌ది, ముందు ఈ మూడూ చదవండి.