బేస్ గిటార్ సాధన: ఏ ట్యూనర్ మేలు, ఏ మెట్రోనోమ్ మేలు?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల బేస్ నేర్చుకునేవారు చర్చి సంగీత బృందంలోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో లీడ్ గిటార్ వాయించే మిత్రుని చేతిలో ఉన్న ట్యూనర్‌నే, అంటే తీగ శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపే పరికరాన్నే, తామూ కొనుక్కోవడం సాధారణం. అయితే ఆ ట్యూనర్ బేస్‌కు సరిపోతుందన్న భరోసా లేదు. లీడ్ గిటార్ అడుగు తీగ 82.4 హెర్ట్జ్ వద్ద పలికితే, బేస్ మీది అడుగు తీగ అయిన ఇ (E) తీగ సరిగ్గా అందులో సగం, అంటే 41.2 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. అయిదు తీగల బేస్‌లో బి (B) తీగ ఇంకా కిందికి, 30.9 హెర్ట్జ్‌కు దిగుతుంది. కాబట్టి బేస్ వాయించేవారికి ట్యూనర్ ఎంపికలో అసలు ప్రశ్న ఒక్కటే: అది అంత మంద్రస్వరాన్ని తడబడకుండా గుర్తిస్తుందా?

ఫోన్ యాప్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ముందుగా దానినే పరిశీలిద్దాం. ఆంప్‌కు, అంటే శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌కు, కలపని బేస్ నుండి గాలిలోకి వచ్చే శబ్దమే తక్కువ. అందులోనూ మంద్ర తీగల మూలస్వరం బలహీనంగా, దాని పై స్వరాలు బలంగా ఉండటం వల్ల యాప్‌లో శ్రుతి చూపే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. పైన తిరిగే ఫ్యాను, పక్కన మరొకరి వాద్యం ఉంటే ఆ ఊగులాట మరింత పెరుగుతుంది. నిశ్శబ్దమైన గదిలో, ఆంప్ దగ్గర ఫోన్ పెట్టుకున్నప్పుడు మాత్రం యాప్ పని జరుపుతుంది.

గిటార్ తలకు బిగించే క్లిప్ ట్యూనర్ గాలిలోని శబ్దాన్ని కాక కర్రలోని కంపనాన్ని పట్టుకుంటుంది కనుక గదిలోని రొద దానిని అంతగా బాధించదు. చాలా రకాలు వాడే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ వాచీలు బాగుచేసే కొట్టులోనైనా దొరుకుతుంది. చవక రకాలు ఇ తీగ దగ్గర తడబడితే, 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మాత్రమే మీటాలి. అప్పుడు పలికే హార్మోనిక్ సరిగ్గా ఒక స్థాయి పైన, 82.4 హెర్ట్జ్ వద్ద వస్తుంది కాబట్టి ట్యూనర్ దానిని వెంటనే గుర్తిస్తుంది. ఇంటి సాధనకు నా ఎంపిక ఇదే.

వేదిక మీద మాత్రం కాలితో నొక్కే పెడల్ ట్యూనర్‌కు సాటి లేదు. కేబుల్ ద్వారా వాద్యపు సంకేతం నేరుగా అందుతుంది కనుక పక్కన డ్రమ్స్ మోగుతున్నా దానికి పట్టదు. పైగా శ్రుతి చేస్తున్నంతసేపూ బయటికి శబ్దం వెళ్లకుండా ఆపుతుంది. బాస్ (Boss) కంపెనీ టీయూ-3 వంటి పెడల్ ఒక సెంట్ వరకు, అంటే అర్ధస్వరంలో నూరో వంతు వరకు, కచ్చితంగా చూపుతుంది. ఇ తీగ వద్ద ఒక సెంట్ అంటే 0.024 హెర్ట్జ్ తేడా. అంతకన్నా సూక్ష్మమైన స్ట్రోబ్ ట్యూనర్లు తీగల కింది కొనలు ఆనే బ్రిడ్జి వద్ద ఇంటొనేషన్‌ను, అంటే ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శ్రుతిలో పలికేలా తీగ పొడవును, సరిచేసేవారికి ఉపయోగపడతాయి గాని నిత్యసాధనకు అవసరం లేదు. మే నెలలో ఏసీ గదిలో శ్రుతి చేసుకుని ఆరుబయట పందిరి కిందికి వస్తే, వేడికి ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగుతుంది. అందువల్ల వాద్యం అక్కడి వేడికి అలవాటు పడ్డాక మరోసారి చూసుకోవాలి. బృందంలో పాత హార్మోనియం ఉంటే దాని శ్రుతి, ఎ (A) స్వరానికి వాడే 440 హెర్ట్జ్ ప్రమాణానికి సరిపడకపోవచ్చు కనుక, ఆ ప్రమాణాన్ని మార్చుకునే వీలున్న ట్యూనరే కొనాలి.

లయ తప్పకుండా టిక్కులు కొట్టే మెట్రోనోమ్ విషయంలో నా అభిప్రాయం ఇందుకు భిన్నం: ఇక్కడ ఫోన్ యాప్ చాలు. లోలకంతో నడిచే పాతకాలపు పరికరం చూడముచ్చటగా ఉన్నా, బేస్ ఆంప్ ముందు దాని టిక్కు వినబడదు. యాప్‌లోనైతే ఖండచాపు 5, మిశ్రచాపు 7 అక్షరాలనూ అమర్చుకోవచ్చు. మధ్యమధ్య ఒక ఆవర్తం మౌనంగా ఉండేలా పెట్టుకుంటే, ఆ మౌనం తరువాత మన దెబ్బ ఎక్కడ పడుతుందో నిజాయితీగా తెలుస్తుంది. టిక్కుకు చెక్కదెబ్బ వంటి పదునైన శబ్దాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే మెత్తని శబ్దం బేస్ నాదంలో కలిసిపోతుంది. పదేపదే మోగే డ్రమ్ వరుస (డ్రమ్ లూప్)తో సాధన ఆహ్లాదంగానే ఉంటుంది గాని అది చిన్న లోపాలను కప్పిపుచ్చుతుంది. అందుకే వేగం సగానికి తగ్గించి, వినబడే టిక్కులను నాలుగు దెబ్బల ఆవర్తంలో 2, 4 దెబ్బలుగా భావిస్తూ వాయించడం బేస్ విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది. స్వరం ఎప్పుడు మొదలైందన్నదే కాక ఎప్పుడు ఆగిందన్నది కూడా బేస్‌లో లయే కాబట్టి, తరువాతి టిక్కుకు తీగను అరచేతితో ఆపే అభ్యాసం తప్పక చేయాలి.

ట్యూనర్, మెట్రోనోమ్ రెండు పనులూ చేసే ఒకే పెట్టె, పిల్లల సాధన సమయంలో చేతికి ఫోన్ ఇవ్వదలచుకోని తల్లిదండ్రులకు మంచి మార్గం. అయితే దానిలోని మైకును నమ్ముకోకుండా కేబుల్ గుచ్చే వీలున్నదే తీసుకోవాలి. ఈ రకం పరికరాల్లో కొన్ని 32.7 హెర్ట్జ్ నుండి మాత్రమే స్వరాన్ని గుర్తిస్తాయి కాబట్టి, అయిదు తీగల బేస్ ఉన్నవారు పెట్టె మీద ముద్రించిన కనిష్ఠ స్వరాన్ని చదివి, 30.9 అందులో ఉంటేనే కొనాలి.