శివారు విల్లా కాలనీ: ఇంటికి నాలుగు, కాలనీకి రెండున్నర

ఇల్లు బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కింద రాసిందంతా చదివి "మరెందుకు కొన్నావమ్మా" అంటారు. ఊరికి దూరంగా, గేటూ సెక్యూరిటీ క్లబ్‌హౌసూ ఉన్న ఖరీదైన కాలనీలో మొదటి ఓనర్ దగ్గర కొన్న డూప్లెక్స్ ఇది. అన్ని కాలాలూ ఇందులో గడిపాకే రివ్యూ రాస్తున్నాను. ఐదు మార్కులకు ఇంటికి నాలుగు వేస్తాను. కాలనీకి రెండున్నర, అదీ చెట్ల మొహం చూసి.

గదులు విశాలం, కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి గాలి ఆడుతుంది. తలుపులు గట్టివి. రాత్రి పదికల్లా ఎంత నిశ్శబ్దమంటే ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు కూడా తెలుస్తుంది. ఇంటి గురించి ఇంతకంటే పొగడను, ఆ పని బ్రోకర్ ఎటూ చేస్తాడు.

చూడటానికి వెళ్లినప్పుడు నేను ఒక నాణెం, ఒక బకెట్ అడిగాను. బ్రోకర్ కుర్రాడు "ఎందుకు మేడం?" అన్నాడు. నాణెంతో టైల్స్ మీద తట్టుకుంటూ పోతే కింద సిమెంట్ సరిగ్గా పట్టనిచోట డొల్ల శబ్దం వస్తుంది. హాల్లో ఏమీ లేదు, మాస్టర్ బెడ్‌రూమ్ బాత్రూంలో మాత్రం తలుపు దగ్గర వరసగా నాలుగు టైల్స్ పలికాయి. బకెట్ నీళ్లు బాల్కనీలో కుమ్మరిస్తే అవి జాలీ వైపు పోకుండా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాయి. ఓనర్ గారు నవ్వి, "వాన పడ్డప్పుడు ఒకసారి తుడుచుకుంటే సరిపోతుందండీ" అన్నారు. ఆ తుడుచుకునే ఖర్చు రేటులో తగ్గించమన్నాను. తగ్గించారు.

పై అంతస్తు బాత్రూంలో పళ్లెమంత రెయిన్ షవర్ ఉంది. ఫోటోల్లో అదిరిపోయింది. తిప్పితే దారాల్లాగా నాలుగు చుక్కలు. దీనికి షవర్‌ని తిట్టి లాభం లేదు. పది మీటర్ల ఎత్తు నీళ్లకు దాదాపు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు ఆ షవర్‌కి మూడు మీటర్ల పైన ఉంది, అంటే 0.3 బార్. అంత పెద్ద షవర్ ఆ ప్రెషర్‌కి పనిచేయదు. ప్రెషర్ పంపు పెట్టించాక ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది. పై అంతస్తు కుళాయిలన్నీ తిప్పి చూడండి, అదీ రెండు మూడు ఒకేసారి.

ఇక కాలనీ. నేను ఉద్యోగరీత్యా లెక్కలు చూసే మనిషిని, కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే అసోసియేషన్ ఆడిట్ కాపీలు కావాలన్నాను. సెక్రటరీ గారు "మీరింకా ఓనర్ కాలేదు కదా మేడం" అని దాటవేశారు. సరే, అమ్మే ఆయనకు మెంబర్‌గా హక్కుంది కదా, ఆయన చేతే అడిగించాను. కాపీలు వచ్చాయి.

చదివితే రెండు విషయాలు బయటపడ్డాయి. పెద్ద రిపేర్ల కోసం దాచాల్సిన నిధిలోంచి స్విమ్మింగ్ పూల్‌కి కొత్త టైల్స్ వేశారు, రోడ్లకూ మురుగు శుద్ధి చేసే ఎస్‌టీపీ మోటార్లకూ ఏమీ మిగల్లేదు. రెండోది, అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఎస్‌టీపీ కరెంటు బిల్లు బాగా తగ్గింది. ఇళ్లు నిండుతుంటే మురుగు పెరగాలి గానీ బిల్లు ఎలా తగ్గుతుంది? తెల్లవారుజామున ఒకసారి ఆ వైపు నడిచి వెళ్తే ముక్కే జవాబు చెప్పింది. మురుగుని తినే బాక్టీరియాకి గాలి కావాలి, ఆ గాలి ఊదేవి బ్లోయర్లు. వాటిని గంటల తరబడి ఆపితే ఆక్సిజన్ అందక, కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కరెంటు ఆదా చేయడానికి రాత్రిపూట బ్లోయర్లు కట్టేస్తున్నారు. పగలు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

రిపేరు నిధి ఖాళీ అంటే కొన్నాళ్లకు ఇంటింటికీ స్పెషల్ వసూలు ఉంటుందని అర్థం. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే అపార్ట్‌మెంట్ కూలి 98 మంది పోయారు. అక్కడ కాంక్రీట్ దెబ్బతిందని ఇంజనీర్ 2018లోనే రాసిచ్చాడు. ఎవరెంత కట్టాలన్న వాదనలు తెగి, రిపేర్లకు కోటిన్నర డాలర్ల వసూలు ఖరారయ్యేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. మా విల్లాలు పన్నెండంతస్తుల టవర్లు కావు, ఆ స్థాయి ప్రమాదమూ లేదు. కానీ "వచ్చే ఏడాది చూద్దాం" అనే మీటింగులు మాత్రం అచ్చం అలాగే జరుగుతాయి. మా కాలనీలో రాబోయే వసూలులో అమ్మే ఆయన వాటా ఎంతవుతుందో లెక్కకట్టి అమ్మకం రేటులోంచి మినహాయించమన్నాను. ఆయన కాసేపు అలిగారు. తర్వాత సంతకం పెట్టారు.

లోన్ గురించి రెండు ముక్కలు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు పెట్టుకుంటే, తీసుకున్న ప్రతి వందకీ దాదాపు 216 కడతాం. మొదటి నెల వాయిదాలో ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతుంది. దీని పైన నెలనెలా మెయింటెనెన్స్, అది లోన్ తీరినా తీరదు. ఈఎంఐ ఒక్కటే చూసుకుని దిగితే టెన్షన్ తప్పదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం రోడ్లు. బ్రోషర్‌లో "ట్రాఫిక్ లేని వీధులు" అని గొప్పగా రాశారు. నిజమే, ప్రతి వీధీ చివర మూసుకుపోతుంది, బయటి బండి రాదు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో కట్టిన రాడ్‌బర్న్ అనే కాలనీ. కానీ అక్కడ ఇళ్ల వెనక పార్కుల గుండా నడకదారులు వేశారు, రోడ్డు దాటకుండా పిల్లలు బడికి వెళ్లేలా కింద నుంచి దారి కట్టారు. మావాళ్లు మూసిన వీధుల్ని కాపీ కొట్టి నడకదారి వదిలేశారు. మందుల షాపు మా వెనక గోడకు అవతలే ఉంది, బాల్కనీలోంచి దాని బోర్డు చదవొచ్చు. అక్కడికి వెళ్లాలంటే కాలనీ అంతా చుట్టి, మెయిన్ గేటు దాటి, హైవే పక్కన యూటర్న్ కొట్టి రావాలి. అత్తయ్య పాత ఇంట్లో తన మందులు తనే తెచ్చుకునేవారు. ఇప్పుడు మాత్ర అయిపోతే మాలో ఒకరు కారు తీయాలి. వెనక గోడకు చిన్న గేటు పెట్టమంటే "సెక్యూరిటీ రిస్క్" అన్నారు. అక్కడ ఒక గార్డును కూర్చోబెట్టడానికి క్లబ్‌హౌస్ పూలకుండీల ఖర్చు సరిపోతుంది, లెక్క నా దగ్గరుంది.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ డ్రైవింగ్ వచ్చి, బండి ఉంటే ఇలాంటి కాలనీ హాయిగానే ఉంటుంది. పెద్దవాళ్లో, బడికెళ్లే పిల్లలో ఉంటే కొనేముందు ఒక మామూలు పనిరోజు, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి రండి. ఆదివారం మధ్యాహ్నం మిమ్మల్ని తీసుకెళ్లే బ్రోకర్ "ఇరవై నిమిషాలే" అంటాడు, ఆదివారం అది నిజమే.

పోయిన మీటింగులో రిపేరు నిధిని వేరే ఖాతాలోకి మార్చాలని తీర్మానం అయింది, కొత్త బ్లోయర్లకు కొటేషన్లు అడిగారు. అవి బిగించి, రాత్రిపూట కూడా నడిపితే కాలనీకి మూడు మార్కులు చేస్తాను. మూడున్నర కావాలంటే వెనక గేటు తీయాలి.